స్కూబాలో ఫోటోలకు ఏ సెటప్? హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

అండమాన్ టికెట్లు బుక్ కాగానే మిత్రులు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: "ఏ కెమెరా కొనమంటారు?" అడగాల్సిందే కానీ, మొదట అడగాల్సింది అది కాదు. నీళ్లలో ఫోటో బాగా రావడానికి ముందు డైవర్ కుదురుగా ఉండాలి, తర్వాత వెలుతురు కావాలి, ఆ తర్వాత హౌసింగ్, అంటే నీళ్లు దూరకుండా కెమెరాను పెట్టే పెట్టె. కెమెరా వంతు అన్నిటికంటే చివర. కోఠికి వెళ్లి ముందు బాడీ కొనేసి, దానికి సరిపడే హౌసింగ్ కోసం నెలల తరబడి వెతికేవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే ఇక్కడ వరస తిరగేశాను.

## 1. ముందు మీ డైవింగ్ సంగతి తేల్చుకోండి

ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తీసుకెళ్లే ట్రయల్ డైవ్‌కు లోతు పరిమితి 12 మీటర్లు. దానికి కెమెరా వద్దు. ఫోటోలు ఎలాగూ డైవ్ సెంటర్ వాళ్లే తీసిస్తారు. మీరు శ్వాస మీద, చెవుల ప్రెషర్ మీద దృష్టి పెడితే చాలు.

ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్‌తో 30 మీటర్ల దాకా వెళ్లొచ్చు. మీ హౌసింగ్ ఎంత లోతు తట్టుకోవాలో ఈ అంకెలే చెబుతాయి. అయితే సర్టిఫికెట్ రాగానే కెమెరా పట్టుకోమని కాదు. కిందివాటికి మొహమాటం లేకుండా జవాబు చెప్పుకోండి.

- చేతులు కదపకుండా, ఒకే ఎత్తులో ఒక నిమిషం పాటు తేలి ఉండగలరా?
- మాస్క్‌లో నీళ్లు నిండితే కంగారు పడకుండా ఊదేయగలరా?
- ఎవరూ గుర్తు చేయకుండానే గాలి గేజ్ చూసుకునే అలవాటు ఉందా?
- ఒక చేతిలో వస్తువు ఉన్నా, రెండో చేత్తో బీసీడీలో (తేలడానికి, మునగడానికి వేసుకునే గాలి జాకెట్) గాలి నింపడం, వదలడం వచ్చా?

ఒక్కదానికి "ఊహూ" అన్నా కెమెరా డబ్బుతో ఇంకో రెండు డైవ్‌లు చేయండి. బాయెన్సీ (నీళ్లలో ఒకే ఎత్తులో తేలి ఉండటం) కుదరనివాళ్లు ఫోటో కోసం పగడాల మీద చెయ్యి ఆనిస్తారు, ఫిన్‌తో ఇసుక లేపుతారు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా, లేచిన ఇసుకలో ఎవరి ఫోటో బాగుంటుంది?

## 2. ఏం తీయాలో ఒక్కటి ఎంచుకోండి

"అన్నీ తీస్తాను" అనేవాళ్లకు సెటప్ చెప్పడం కష్టం. వైడ్ అంటే పగడాల గోడ, తాబేలు, పక్కన ఈదే బడ్డీ (జతగా దిగే డైవర్). మాక్రో అంటే వేలెడంత లేని నూడిబ్రాంక్‌లు (రంగురంగుల సముద్రపు నత్తలు), రొయ్యలు, అనిమోన్‌లో దాక్కున్న క్లౌన్‌ఫిష్. మూడోది వీడియో. ఒక ట్రిప్‌కు ఒకటే ప్రధానంగా పెట్టుకోండి.

ఎక్కడికి వెళ్తున్నారన్నది కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) చుట్టుపక్కల సీజన్‌లో నీళ్లు తేటగా ఉంటాయి, వైడ్‌కు బాగా కుదురుతుంది. రాత్రి రైలెక్కి పొద్దున దిగిపోగల విశాఖలో, రుషికొండ వైపు, నీటి తేటదనం రోజును బట్టి మారుతుంది. మురికిగా ఉన్న రోజున వైడ్ కోసం పాకులాడకుండా మాక్రోకు దిగడం మేలు. కర్ణాటకలోని మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికి వర్షాకాలంలో డైవ్ పడవలు నడవవు. సెటప్ కొనేముందు ఆ తేదీలు చూసుకోండి.

## 3. వెలుతురు లెక్క

అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

నీళ్లు రంగుల్ని వరసగా మింగేస్తాయి. ఎరుపు 5 మీటర్లకే వెలవెలబోతుంది. 10 మీటర్ల దగ్గర నారింజ, 20 దాటాక పసుపు. 20 మీటర్ల లోతులో వేలికి గాయమైతే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి హడలిపోతారు. పైగా మింగేది లోతు ఒక్కటే కాదు. చేపకూ మీ లెన్స్‌కూ మధ్య ఉన్న నీళ్లూ అంతే మింగుతాయి. అందుకే ఎంత ఖరీదైన కెమెరా అయినా 3 మీటర్ల దూరం నుంచి తీస్తే నీలిరంగు మసకే వస్తుంది. దూరం ఒక మీటరు లోపు ఉండాలి. మాక్రోకు అయితే ఒక జానెడు.

పోయిన రంగును తిరిగి తేవడానికి మూడు దారులున్నాయి.

ఎర్ర ఫిల్టర్. చవక. 5 నుంచి 15 మీటర్ల మధ్య, నడి ఎండలో, నీలి నీళ్లలో బాగా పనిచేస్తుంది. ఆకుపచ్చ నీళ్లకు మెజెంటా ఫిల్టర్ వాడాలి. లైట్ వేసినప్పుడు ఫిల్టర్ తీసేయాలి, లేకపోతే ముఖాలన్నీ కుంకుమ పూసినట్టు వస్తాయి. 15 మీటర్ల కంటే లోతులో ఫిల్టర్ పట్టుకోవడానికి ఎరుపే మిగలదు కాబట్టి అది దండగ.

వీడియో లైట్. వీడియోకు ఇది తప్పనిసరి. ల్యూమెన్‌లతో (వెలుగు కొలత) పాటు కాంతి ఎంత వెడల్పుగా పరుచుకుంటుందో చూడండి. 1000 ల్యూమెన్‌ల లైట్ దగ్గరి వస్తువులకే. వైడ్ వీడియోకు 2500 పైబడిన లైట్లు రెండు ఉంటేనే తృప్తి. డైవ్ టార్చ్‌ను దీనికి బదులు వాడొద్దు. మధ్యలో తెల్లటి గుండ్రటి మచ్చ పడుతుంది.

స్ట్రోబ్, అంటే నీళ్లలో వాడే విడి ఫ్లాష్. ఫోటోలే ముఖ్యమైతే ఇదే. రెప్పపాటులో వచ్చే కాంతి కాబట్టి చేప కదలికను ఆపేస్తుంది, రంగు నిజంగా వస్తుంది. మాక్రోకు ఒకటి చాలు, వైడ్‌కు రెండు. ఇనాన్, సీ అండ్ సీ, బ్యాక్‌స్కాటర్ మినీ ఫ్లాష్ లాంటివి డైవర్ల దగ్గర తరచూ కనిపిస్తాయి.

కొనేముందు ఒక చిక్కు తెలుసుకోవాలి. చాలా స్ట్రోబ్‌లు కెమెరా సొంత ఫ్లాష్ వెలుగును ఫైబర్ కేబుల్ ద్వారా అందుకుని వెలుగుతాయి. సోనీ ఏ7 రకం కెమెరాలకు సొంత ఫ్లాష్ ఉండదు. అప్పుడు హౌసింగ్ లోపల విడిగా ట్రిగ్గర్ పెట్టించుకోవాలి. ఈ మాట షాపులో ఎవరూ చెప్పరు, బిల్లు కట్టాకే తెలుస్తుంది.

## 4. హౌసింగ్ ఎంపిక

ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర, పైన ఉన్నదానికి నాలుగింతలు. ఆ బరువంతా మూత చుట్టూ ఉండే సన్నటి రబ్బరు రింగ్ (ఓ-రింగ్) మీద ఉంటుంది.

పాలీకార్బొనేట్ హౌసింగ్‌లు ధరలో కాస్త అందుబాటులో ఉంటాయి. ఐకెలైట్, సీఫ్రాగ్స్ ఈ కోవలోవి. పారదర్శకంగా ఉన్నవాటిలో నీటిబొట్టు దూరినా వెంటనే కనిపించడం నాకు నచ్చే గుణం. నౌటికామ్ లాంటి అల్యూమినియం హౌసింగ్‌లు గట్టివి, బటన్లు చేతికి చక్కగా అందుతాయి. ధర మాత్రం చాలాసార్లు కెమెరాను మించిపోతుంది.

హౌసింగ్ ఒకే మోడల్ కోసం తయారవుతుంది. అదే కంపెనీ తర్వాతి కెమెరాలో బటన్ కొద్దిగా పక్కకు జరిగినా పట్టదు. కాబట్టి "కొత్త మోడల్ వచ్చింది కదా" అన్న మాటకు లొంగకండి. హౌసింగ్ దొరికే పాత మోడలే మీకు మేలు.

ముందుభాగంలో ఉండే అద్దాన్ని పోర్ట్ అంటారు. ఫ్లాట్ పోర్ట్‌లో వస్తువులు దాదాపు మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి, చూపు వెడల్పు తగ్గుతుంది. మాక్రోకు అదే వరం. వైడ్‌కు డోమ్ పోర్ట్ కావాలి. డోమ్ వెనక పెట్టే లెన్స్ బాగా దగ్గరగా ఫోకస్ కాగలగాలి, లేకపోతే నీళ్లలో ఏదీ స్పష్టంగా రాదు.

హౌసింగ్ చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి:

- కనీసం 40 మీటర్లకు రేటింగ్ ఉందా
- షట్టర్, ప్లేబ్యాక్, ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్ బటన్లు బయటి నుంచి నొక్కగలరా
- విడి ఓ-రింగ్‌లు, దానికి సరిపడే గ్రీజు దొరుకుతాయా
- వ్యాక్యూమ్ పరీక్ష పెట్టుకునే వీలుందా
- సెకండ్ హ్యాండ్ అయితే, చివరిసారి సర్వీసింగ్ ఎప్పుడు జరిగింది

నాలుగోది విలాసం అనుకోవద్దు. చిన్న పంపుతో లోపలి గాలి లాగేస్తే, లీకు ఉంటే సిగ్నల్ లైట్ రంగు మారి, నీళ్లలో దిగకముందే చెప్పేస్తుంది.

చాలా హౌసింగ్‌లు మన షాపుల్లో స్టాకు ఉండవు. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపి లెక్కేసుకోండి. ట్రిప్‌కు రెండు నెలల ముందే ఆర్డర్ పెట్టండి.

## 5. ఇప్పుడు కెమెరా

ఫోన్. ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకునే రేటింగ్) అని రాసి ఉంటే డైవింగ్‌కు పనికొస్తుందని కాదు. కొత్త ఐఫోన్‌ల హామీ 6 మీటర్లు, 30 నిమిషాలు, అదీ కదలని నీళ్లలో. సీలైఫ్ స్పోర్ట్‌డైవర్ లాంటి ఫోన్ హౌసింగ్‌లు 40 మీటర్ల దాకా వెళ్తాయి. అయినా నేను వద్దంటాను. బోర్డింగ్ పాస్, యూపీఐ, ఓటీపీలు అన్నీ అందులోనే ఉంటాయి. అది మునిగితే ట్రిప్ మొత్తం మునిగినట్టే.

యాక్షన్ కెమెరా. గోప్రో హీరో 12, 13 హౌసింగ్ లేకుండా 10 మీటర్లు, హౌసింగ్‌తో 60 మీటర్లు. డీజేఐ ఆస్మో యాక్షన్ 5 ప్రో ఒట్టిగానే 20 మీటర్లు తట్టుకుంటుంది. అయినా హౌసింగ్ వేయండి, బ్యాటరీ మూత దగ్గర ఒక్క ఇసుక రేణువు చాలు. వీడియోకు, కుటుంబ జ్ఞాపకాలకు ఇంతకంటే అక్కర్లేదు. చిన్న చేపల ఫోటోలు మాత్రం దీంతో ఆశించకండి.

గట్టి కాంపాక్ట్. ఫోటోలు నేర్చుకోవాలనుకునేవాళ్లకు నా సలహా ఓఎం సిస్టమ్ టీజీ-7. ఒట్టి కెమెరాకే 15 మీటర్ల రేటింగ్, పీటీ-059 హౌసింగ్‌తో 45 మీటర్లు. హౌసింగ్‌లో నీళ్లు దూరినా, 15 మీటర్ల లోపు ఉంటే కెమెరా బతికే అవకాశం ఎక్కువ. దీని మైక్రోస్కోప్ మోడ్ లెన్స్ నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్నీ ఫోకస్ చేస్తుంది. ఒక స్ట్రోబ్ కలిపితే మాక్రోకు ఏళ్ల తరబడి సరిపోతుంది. సెన్సర్ చిన్నది కాబట్టి మసక వెలుతురులో వైడ్ ఫోటోలు అంత గొప్పగా రావు.

మిర్రర్‌లెస్, అంటే లెన్స్‌లు మార్చుకునే పెద్ద కెమెరా. నేల మీద మీ దగ్గర ఉంది కదా అని నీళ్లలోకి తేవొద్దు. హౌసింగ్, డోమ్, రెండు స్ట్రోబ్‌లు, ఆర్మ్‌లు అన్నీ కలిపితే బరువు, ఖర్చు రెండూ ఎక్కడికో పోతాయి. పైవాటిలో ఏదైనా వాడి, దాని పరిమితి ఫలానా అని మీ నోటితో మీరే చెప్పగలిగిన రోజున దీని వైపు చూడండి.

## 6. ట్రే, ఆర్మ్, లాన్యార్డ్

రెండు చేతులా పట్టుకునే ట్రే వణుకును తగ్గిస్తుంది. లైట్‌ను కెమెరాకు దూరంగా ఉంచడానికి ఆర్మ్ కావాలి. మణికట్టు తాడు ఒక్కటే చాలదు. చుట్టలు తిరిగిన సాగే తాడుతో (కాయిల్ లాన్యార్డ్) బీసీడీ డీ-రింగ్‌కు క్లిప్ చేయండి. అత్యవసరంలో రెండు చేతులూ ఖాళీ కావాలి.

## 7. హైదరాబాద్‌లోనే పరీక్షించండి

1. కెమెరా లేకుండా, ఒక టిష్యూ పేపర్ లోపల పెట్టి హౌసింగ్ మూయండి.
2. ఇంట్లో బకెట్ నిండా నీళ్లు పట్టి, హౌసింగ్‌ను అరగంట ముంచి ఉంచండి. బుడగలు వస్తున్నాయేమో చూడండి.
3. నీళ్లలోనే ప్రతి బటన్ పదిసార్లు నొక్కండి. లీకులు ఎక్కువగా బటన్ల దగ్గరే బయటపడతాయి.
4. తీసి, తుడిచి, తెరిచి, టిష్యూ తడిసిందా చూడండి.
5. ఇప్పుడు కెమెరా పెట్టి, మీరు వెళ్లే స్విమ్మింగ్ పూల్‌లో కోచ్‌ను అడిగి దిగండి. అడుగున ఒక రంగుల బొమ్మ పెట్టి, ఒక జానెడు నుంచి ఒక మీటరు దాకా దూరం మారుస్తూ తీయండి.

బకెట్‌లో లీకు కాలేదంటే లోతులో కచ్చితంగా కాదని హామీ లేదు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. చాలా లీకులు పై పొరల్లోనే జరుగుతాయి, లోతుకు వెళ్లేకొద్దీ పీడనమే రింగ్‌ను బిగిస్తుంది.

మెనూలన్నీ పూల్‌లోనే కళ్లు మూసుకుని తిప్పగలగాలి. సముద్రంలో వైట్ బ్యాలెన్స్ ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటే బడ్డీ ఎటు వెళ్లాడో తెలియదు.

## 8. ఓ-రింగ్: తొందర పడకూడని పది నిమిషాలు

ఏసీ గదిలో, మంచి లైట్ కింద, శుభ్రమైన టవల్ పరుచుకుని కూర్చోండి. ఫ్యాన్ ఆపేయండి, దుమ్ము, వెంట్రుకలు ఎగరకుండా. చేతులు కడిగి ఆరనివ్వండి.

రింగ్‌ను రెండు వైపుల నుంచి వేళ్లతో నొక్కి కలిపితే మధ్యలో ఉబ్బి గాడి నుంచి పైకి లేస్తుంది. అక్కడ పట్టి తీయండి. పిన్నీసు, కత్తి మొన వాడితే గాడికి గీత పడుతుంది, ఆ గీతలోంచే నీళ్లు వస్తాయి. కంపెనీ ఇచ్చిన గ్రీజు పప్పుగింజంత వేలికి తీసుకుని, బొటనవేలు, చూపుడువేలి మధ్య రింగ్‌ను నెమ్మదిగా లాగుతూ చుట్టూ రాయండి. ఇసుక రేణువు ఉంటే కంటికి కనిపించకపోయినా వేలికి గరుకుగా తగులుతుంది. తగిలితే తుడిచి మళ్లీ మొదలుపెట్టండి. చివరికి రింగ్ మెరవాలి, కానీ గ్రీజు ముద్దగా కనిపించకూడదు. నీళ్లను ఆపేది రింగ్, గ్రీజు కాదు. ఎక్కువైతే దుమ్మును పట్టుకుంటుంది.

గాడిని పొడి బట్టతో తుడిచి, రింగ్ మెలిపడకుండా కూర్చోబెట్టండి. సిలికా జెల్ ప్యాకెట్ ఒకటి లోపల పెట్టి, అక్కడే మూసేయండి. పడవ మీద, ఉక్కపోత గాలిలో మూస్తే లోపలి తేమ చల్లటి నీళ్లలో లెన్స్ మీద ఆవిరిగా పేరుకుంటుంది.

## 9. శంషాబాద్ దాకా

- విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయకూడదు, చేతి సంచిలోనే. కొనలకు టేపు వేయండి.
- 100 వాట్-అవర్ దాకా అనుమతి అక్కర్లేదు. వోల్టులను ఎంఏహెచ్‌తో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్ వస్తుంది. 3.6 వోల్టుల 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 18 మాత్రమే.
- హౌసింగ్‌ను బిగించి పంపొద్దు. ప్రధాన ఓ-రింగ్ తీసి విడిగా పెట్టండి. విమానంలో పీడనం మారుతుంది.
- లైట్ల నుంచి బ్యాటరీ తీసేయండి, సంచిలో దానంతటదే వెలిగితే విపరీతంగా వేడెక్కుతుంది.
- విడి ఓ-రింగ్, గ్రీజు, ఫైబర్ కేబుల్, మెమరీ కార్డు తప్పకుండా. దీవిలో పోగొట్టుకుంటే దొరకదు.
- తిరుగు విమానానికి, చివరి డైవ్‌కు మధ్య కనీసం 18 గంటలు వదలండి. "ఇంకొక్క ఫోటో" కోసం దీన్ని తగ్గించొద్దు.

## 10. నీళ్లలో మొదటి సెట్టింగులు

యాక్షన్ కెమెరాకు 4కే, స్టెబిలైజేషన్ ఆన్, ఐఎస్‌ఓ గరిష్ఠం 800. టీజీ-7కు అండర్‌వాటర్ మోడ్ లేదా మైక్రోస్కోప్, రా ఫైల్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలైన ఫైల్) ఆన్. స్ట్రోబ్‌లతో మిర్రర్‌లెస్ వైడ్‌కు మాన్యువల్‌లో 1/125, ఎఫ్/8, ఐఎస్‌ఓ 200. మాక్రోకు 1/200, ఎఫ్/16. వెనక నీలం ముదురు కావాలంటే షట్టర్ వేగం పెంచండి, ముందున్న చేప వెలగాలంటే స్ట్రోబ్ పవర్ పెంచండి. ఈ రెండూ విడివిడి అని అర్థమైతే సగం పని అయినట్టే.

స్ట్రోబ్ లేకుండా తీస్తుంటే ప్రతి 3 నుంచి 5 మీటర్లకు వైట్ బ్యాలెన్స్ మళ్లీ పెట్టండి. తెల్లటి స్లేట్ లేకపోతే ఇసుక మీద పెట్టినా పర్వాలేదు.

దగ్గరికి వెళ్లండి, చేప కంటే కిందికి వెళ్లి పైకి చూస్తూ తీయండి, కంటి మీద ఫోకస్ చేయండి. ఊపిరి మాత్రం బిగపట్టొద్దు. స్కూబాలో అది ప్రాణాంతకం.

## 11. ఫోటో చెడితే ఏం చూడాలి

తెల్ల చుక్కలు నిండిపోయాయి. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. చలికాలం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు మీద పొగమంచులో హై బీమ్ వేసినట్టే. లైట్‌ను లెన్స్‌కు దూరంగా, పోర్ట్ కంటే కాస్త వెనక్కి జరిపి, కొద్దిగా బయటి వైపు తిప్పండి. అప్పటికీ పోకపోతే ఇంకా దగ్గరికి వెళ్లాలి.

అంతా నీలం. దూరం ఎక్కువైంది, లేదా స్ట్రోబ్ వెలగలేదు. ఫైబర్ కేబుల్ ఊడిందేమో చూడండి.

చేప తోకలే వస్తున్నాయి. వెంటపడ్డారన్నమాట. పక్కన ఆగండి, చేపే తిరిగి వస్తుంది.

అన్నీ మసక. లెన్స్ మీద బుడగ ఉండొచ్చు. దిగగానే పోర్ట్‌ను చేత్తో ఒకసారి తుడవడం అలవాటు చేసుకోండి.

## 12. పైకొచ్చాక, నీళ్లు దూరితే

పడవ మీద అందరి కెమెరాలూ వేసే టబ్‌లో మీది వదిలి వెళ్లొద్దు. మిగతావి తగిలి లాచ్ (మూత గొళ్లెం) తెరుచుకుంటుంది. గదికి రాగానే మంచినీళ్లలో అరగంట నానబెట్టి, ప్రతి బటన్ నొక్కి లోపలి ఉప్పు వదిలించండి. పూర్తిగా ఆరాకే తెరవండి. ఇంటికొచ్చాక కడిగేటప్పుడు బోరు నీళ్లు వాడొద్దు. తెల్లటి మరకలు పోర్ట్ మీద గట్టిపడతాయి. ఫిల్టర్ నీళ్లతో కడగండి.

లోతులో ఉండగా హౌసింగ్‌లో నీళ్లు కనిపిస్తే, మొదట కెమెరాను మర్చిపోండి. బడ్డీకి సైగ చేసి, మామూలు వేగంతో, సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చే ముందు తక్కువ లోతులో కొన్ని నిమిషాలు ఆగడం) చేసే పైకి రండి. వీలైతే నీళ్లు కెమెరా బాడీకి తగలకుండా పోర్ట్ వైపు కిందికి వంచి పట్టుకోండి. పడవ ఎక్కగానే:

1. హౌసింగ్ బయట తుడిచి, మొహానికి దూరంగా పట్టుకుని తెరవండి.
2. పవర్ బటన్ నొక్కి చూడొద్దు. వెంటనే బ్యాటరీ, కార్డు తీసేయండి.
3. తడిసిన లిథియం బ్యాటరీని మళ్లీ వాడొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు. వేడెక్కుతుంటే సంచిలో కాకుండా బయట, విడిగా ఉంచండి.
4. ఉప్పునీళ్లు కెమెరాలోకే వెళ్లి ఉంటే, బ్యాటరీ తీసేశాక మంచినీళ్లతో కడగండి. వినడానికి వింతగా ఉన్నా, ఉప్పు ఎండిపోతే లోపలి లోహాన్ని తినేస్తుంది.
5. బియ్యం డబ్బాలో పెట్టొద్దు. గాలి తగిలేలా ఆరబెట్టి, హైదరాబాద్ రాగానే సర్వీస్ సెంటర్‌కు ఇచ్చి, సముద్రపు నీళ్లు దూరాయని దాచకుండా చెప్పండి. చాలా కంపెనీల వారంటీ దీనికి వర్తించదు కాబట్టి, రిపేరు ఖర్చెంతో ముందే అడిగి, కొత్తదాని ధరతో పోల్చుకున్నాకే సరే అనండి.